పాలు పిండే చీర

అందింది అని ఎందుకు అంది తను. లేదు అంటే సరిపోయేది. ఏ జాబు అని ఎదురడిగినా సరిపోయేది. తొమ్మిదేళ్ల తర్వాత ఎదురుగా వచ్చి నిలబడ్డ మనిషి అడిగిన మొదటి మాటకు నోరు తనంతట తానే జవాబు చెప్పేసింది. అబద్ధమైతే కాదు. జాబు చేతికి వచ్చిన మాట నిజం. అందులో ఏముందో తనకు తెలియదన్న సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. అది చెప్పాలంటే, తొమ్మిదేళ్లపాటు ఎందుకు తెలుసుకోలేదో కూడా చెప్పాలి.

చెంబులో పాల చప్పుడు లేదు. ఆండాలు ఉలిక్కిపడి చేతుల వైపు చూసుకుంది. వేళ్లు పొదుగును నిమురుతూనే ఉన్నాయి కానీ బర్రె గౌరి ఇంకా చేపలేదు, పాలు కిందికి దింపలేదు. దాని దుడ్డెను వదిలి, రెండు గుక్కలు తాగించి, పక్కకు కట్టేసి చాలాసేపయింది. రోజూ ఈపాటికి రెండో బర్రె దగ్గర కూర్చునేది. నుదురు గౌరి డొక్కకు ఆనించి కళ్లు మూసుకుంది. లోపల ఎక్కడో మేత కదులుతున్న శబ్దం, పెద్ద పెద్ద ఊపిరులు. పశువుకు మనిషి మనసు తెలుస్తుందని, కుదురు లేని చేతికి పాలు దిగవని అమ్మ అనేది.

ఒంటి మీద ఉన్నది అమ్మ చీరే. తన చీర పైన నడుముకు చుట్టి, భుజాల మీదుగా కప్పుకున్న పాత నీలం ముతక చీర. పదేళ్ల కింద అమ్మ పోయిన తెల్లారి కొట్టంలో నాలుగు బర్రెలూ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అన్న సాయిలు వెళ్తే తన్నాయి. వదినె శారదమ్మ కూర్చుంటే పాలు పైకి లాక్కున్నాయి. అప్పుడు ఆండాలు దండెం మీది అమ్మ చీర తీసి కప్పుకుంది. అప్పటి బర్రె, ఈ గౌరి తల్లి, మెడ తిప్పి, కొంగు వాసన చూసి, పాలు వదిలింది. పాలవాళ్ల ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే ఇది. చెయ్యి మారినా చీర మారకూడదు. ఆ చీరను నీళ్లలో జాడిస్తారు తప్ప సబ్బు పెట్టరు. అందులో అమ్మ వాసన పోయి తన వాసన ఎప్పుడు వచ్చిందో ఆండాలుకు తెలియదు. బర్రెలకూ తెలిసినట్టు లేదు.

"ఏందే ఆండాలు, కూసునే నిద్రవోతున్నవా?" శారదమ్మ కుడితి బకెట్‌తో కొట్టం వాకిట్లో నిలబడింది. "షాలిబండ హోటలాయన రెండుసార్లు మనిషిని తోలిండు. పాలు లేకపోతే చాయ్‌ల ఏం పొయ్యాల్నని మస్తు లొల్లి చేస్తుండట."

"నీళ్లు పొయ్యమను. రోజూ అవే పోస్తడు గద."

శారదమ్మ నవ్వింది. నవ్వుతూనే దగ్గరికి వచ్చి మరదలి ముఖం వంగి చూసింది. నిన్నటి నుంచి తిండి లేదని, కళ్లు గుంజుకుపోయాయని, మళ్లీ జ్వరమేమైనా వస్తోందా అని అడిగింది. కాదని ఆండాలు అంది. జ్వరం అన్న మాట దగ్గర ఇద్దరూ ఒక క్షణం ఆగి, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు.

మొన్న మాఘమాసంలో ఆండాలుకు మూడు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆ మూడు రోజులూ శారదమ్మ కొట్టంలో కూర్చుని మణికట్లు వాచేదాకా ప్రయత్నించింది. పొదుగులు రాళ్లలా గట్టిపడ్డాయి తప్ప పాలు దిగలేదు. సాయిలు పాలు పోసే వాడిక ఇళ్లన్నింటికీ పోయి దండం పెట్టి చెప్పుకుని వచ్చాడు. నాలుగోనాడు ఆండాలు గోడ పట్టుకుని వచ్చి కూర్చుంటే, కాసేపటికి చెంబు నురగతో నిండింది. సాయిలు ఆ నురగ వైపు చూస్తూ, "నువ్వు లేకుంటే ఈ ఇంట్ల పొయ్యి రాజదు చెల్లె" అన్నాడు.

ఆ మాటకు ఆరోజు ఎంత సంతోషించింది. ఆ సంతోషం ఇప్పుడు గుర్తొస్తే భయం వేస్తుంది. మెడకు పలుపు వేసేటప్పుడు పశువు కూడా మొదట తల వంచి ఇస్తుంది, గోకుతున్నారనుకుని.

గౌరి ఒక్కసారి ఒళ్లు వదులు చేసింది. చెంబు అడుగున సర్రుమని మొదటి ధార పడింది.

*

రామ్‌చందర్ ఊళ్లోకి తిరిగి వచ్చి ఆరు నెలలైంది. తొమ్మిదేళ్ల కింద పోయిన మొగుడు. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే మునీముగా కుదిరాడు. బార్కస్‌లో ఒక జామతోట పక్కన అర్ర తీసుకున్నాడని పాలు పోసే చోట ఎవరో అన్నారు. ఆండాలు రోజూ పాల బిందెతో ఆ దుకాణాల రాతి కమానుల ముందు నుంచే పోవాలి. మొదటిరోజు దుకాణం మెట్ల మీద అతన్ని చూసినప్పుడు ఎవరో ముసలాయన అనుకుంది. కణతల దగ్గర తెల్లబడింది. రెండోరోజు నుంచి వీధికి అవతలి పక్కన నడిచింది. ఆరు నెలలూ అతను మెట్ల మీదే ఉన్నాడు, ఆమె అవతలి పక్కనే ఉంది. తన చూపు అటు పోతోందని కాళ్లకు తెలిసేది. అక్కడికి రాగానే అవి తొందరపడేవి.

నిన్న అతను మెట్లు దిగి, వీధి దాటి వచ్చాడు. బిందె నెత్తిమీద ఉంది కాబట్టి ఆమె తల తిప్పలేకపోయింది. సోలాపూర్ నుంచి రాసిన జాబు అందిందా అని అడిగాడు. అందింది అంది. అతను తల ఊపాడు. చాలాకాలం కింద తెలిసిన జవాబును మరోసారి విన్నట్టు ఊపాడు.

ఆ తర్వాత నిదానంగా, ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. మూడేళ్లు చూసి అక్కడే ఒకామెను చేసుకున్నాడు. ఆమె రెండేళ్లకు కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. ఆండాలును మారుమనువుకు ఇచ్చి ఉంటారనుకున్నాడు. ఇవ్వలేదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇదంతా దాచి మళ్లీ రమ్మని అడగడం ఇష్టం లేక ముందే చెబుతున్నానన్నాడు. చివరికి మాత్రం గొంతు మారింది.

"రేపు జుమ్మా, దుకాణం బందుంటది. మాపటికి మీ ఇంటికి వస్త. రావద్దంటే ఇప్పుడే చెప్పు ఆండాలు. జబర్దస్తీ లేదు."

ఆమె బిందె కింది చుట్టబట్టను సర్దుకుంది. అవసరం లేకపోయినా సర్దుకుంది. అతను దాన్ని ఏమనుకున్నాడో తెలియదు. మళ్లీ వీధి దాటి మెట్లెక్కాడు.

ముప్పై ఏళ్ల ఆండాలు ఇంటికి వచ్చి, పసుపుకొమ్ముల డబ్బా అడుగు నుంచి ఆ జాబు తీసి చూసుకుంది. మడతల దగ్గర చిరిగిపోతోంది.

ఆ జాబు వచ్చింది ఊళ్లో గొడవల ఏడు చివర్లో. ఆ ఎండాకాలంలో, రామ్‌చందర్ సర్కారుకు ఎదురు కాగితాలు రాసి పంచుతున్నాడని ఎవరో పోలీసులకు అతని పేరు చెప్పారు. ఒక రాత్రికి రాత్రి సోలాపూర్ బండెక్కాడు. అప్పటిదాకా షాలిబండ నుంచి పూటపూటకూ వచ్చి పాలు పిండిపోయే ఆండాలును, రెండు నెలల్లో వస్తానని పుట్టింట్లో వదిలిపోయాడు. గొడవలు అణిగి, టపా మళ్లీ నడిచాక జాబు వచ్చింది. ఉర్దూలో ఉంది. అతను చదివింది ఆ చదువే. ఊళ్లో ఏ బడికి పోయినా ఆ రోజుల్లో అదే. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషికి తెలుగులో తన పేరు రాసుకోవడం కూడా రాదు. ఆండాలుకు ఏ రాతా రాదు. రోజంతా బజారులో ఉర్దూ మాట్లాడుతుంది, బేరమాడుతుంది, తిట్లు కూడా తిడుతుంది. కాగితం మీదికి వచ్చేసరికి అది చీమల బారు.

ఒక్కటి తప్ప. పెళ్లైన కొత్తలో, షాలిబండ అర్రలో, ఆమె రొట్టెలు కొడుతుంటే రామ్‌చందర్ పీట మీది పిండిలో వేలితో ఒక గీత గీసి, ఇది నీ పేరు అన్నాడు. తక్కినవి తర్వాత నేర్పిస్తానన్నాడు. ఆ తర్వాత అన్నది రాలేదు. ఆ ఒక్క ఆకారం మాత్రం ఆమెకు తెలుసు.

సాయిలు ఆ జాబును ఎవరితోనో చదివించుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "అక్కడ్నే ఉండిపోతడట. నీ తొవ్వ నువ్వు చూసుకొమ్మన్నడు" అని చెప్పి, ముఖం కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. ఆండాలు ఏడవలేదు. ఆ సాయంత్రం బర్రెల పక్కన కూర్చుని జాబు విప్పి తన పేరు వెతికింది. నాలుగు చోట్ల ఉంది. వదిలేసిన పెళ్లాం పేరు నాలుగుసార్లు ఎవరైనా రాస్తారా అనిపించింది. వెంటనే మడిచి పెట్టేసింది.

మూడో ఏడు కులపెద్దలు కూర్చున్నారు. పెద్ద బాలనర్సింహ, ఆలుమగలు విడిపోయేటప్పుడు చెరో కొస పట్టి విరిచే గడ్డిపుల్ల ఇచ్చాడు. మొగుడు లేడు కాబట్టి అతని తరఫున రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. సాయిలు పట్టుకున్నాడు. పుల్ల ఇట్టే విరిగింది. ఇదయ్యాక మారుమనువుకు ఇద్దరు ముగ్గురు అడిగారు. సాయిలు ఏదో ఒక వంక చెప్పి పంపించాడు. ఆండాలుకూ వంకగా బర్రెలున్నాయి.

రోజూ అరవై గుమ్మాల ముందు నిలబడి పాలు పోసింది. వాటిలో సగం ఇళ్లలో ఆ చదువు వచ్చినవాళ్లు ఉన్నారు. ఒక్క పొద్దున, ఒక్క నిమిషం చాలు. చదివించి, అన్న చెప్పిందే నిజమైతే రామ్‌చందర్ లేడు. అన్న చెప్పింది అబద్ధమైతే అన్న లేడు. చదివించకపోతే ఇద్దరూ ఉన్నారు. తొమ్మిదేళ్లూ ఆమె ఆ లెక్క మీదే బతికింది, అలాంటి లెక్క ఒకటి వేసుకున్నానని తనకు తానే చెప్పుకోకుండా.

*

ఆ శుక్రవారం పొద్దున పాల బిందెతో బయల్దేరేటప్పుడు జాబును రవికెలో దోపుకుంది. చార్మినార్ దాటేదాకా అది ఉందో లేదోనని రెండుసార్లు తడుముకుంది. పత్తర్‌గట్టిలో దుకాణాల తలుపులు మూసి ఉన్నాయి. అతని మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఈరోజు ఆమె ఆ పక్కనుంచే నడిచింది.

వెనక గల్లీలో ఆకుపచ్చ తెర వేలాడే గుమ్మం ఉస్తానీమాది. ఆడపిల్లలకు చదువు చెప్పే ముసలామె. ఆండాలు పదేళ్లుగా అక్కడ పాలు పోస్తోంది. గిన్నెలో పోసి, మామూలుగా వెళ్లిపోయేది వెళ్లకుండా నిలబడింది. తెర వెనక నుంచి ఆమె, పాలు తక్కువొచ్చాయా, గిన్నె తక్కువొచ్చిందా అని వేళాకోళమాడింది. ఆండాలు తెర పక్కకు జరిపి లోపలికి అడుగుపెట్టి జాబు చాపింది.

కాగితం చూసి ముసలామె ఎప్పటిదని అడిగింది. తొమ్మిదేళ్లైందని చెబితే కళ్లజోడు తుడుచుకోవడం ఆపేసింది. వెలుతురు పడేలా గోడవైపు తిరిగి, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా ఆపి ఆపి చదివింది. ఉర్దూ మాటలే అయినా ఆండాలుకు అవి రామ్‌చందర్ గొంతులో, తమ ఇంటి భాషలో వినిపించాయి.

ఆండాలుకు. నాకు మన భాష రాయడం రాదు, నీకు ఇది చదవడం రాదు. ఎవరైనా మంచి మనిషితో చదివించుకో. ఇక్కడ మిల్లులో పని దొరికింది. ఒక అర్ర తీసుకున్నాను. వెనక కొంచెం జాగా ఉంది. ఆండాలుకు బర్రె లేకపోతే పొద్దుపోదని చెప్పి, ఒక్క బర్రెను కట్టుకోవడానికి ఇంటాయనను ఒప్పించాను. సాయిలు బావను తోడు తీసుకుని శివరాత్రి లోపల రా. ఏ రోజు వస్తావో తెలియదు కాబట్టి రోజూ హైదరాబాదు బండి వేళకు స్టేషన్‌లో ఉంటాను. శివరాత్రి దాటితే నీకు ఇష్టం లేదనుకుంటాను. జబర్దస్తీ చేయను ఆండాలు. ఆండాలు, రా.

నాలుగు. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగుసార్లే ఉంది.

"ఇత్తే బరస్ మేరే దర్వాజే పే ఖడీ రహీ తూ. ఏక్ దిన్ కైకు నై బోలీ?" ముసలామె మెల్లగా అడిగింది. ఇన్నేళ్లు నా గుమ్మంలోనే నిలబడి ఒక్కనాడూ ఎందుకు అడగలేదని. ఆండాలు ఖాళీ కొలతచెంబును కొంగుతో తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. ఉస్తానీమా జాబు మడిచి ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య కాసేపు ఉంచుకుంది.

తక్కిన ఇళ్లకు పాలు ఎలా పోసిందో గుర్తు లేదు. స్టేషన్ మాత్రం కనిపిస్తూనే ఉంది. తను ఎన్నడూ చూడని సోలాపూర్ స్టేషన్. సాయంత్రం. బండి దిగిన వాళ్లంతా వెళ్లిపోయాక ఒక మనిషి ఇంటికి నడుస్తాడు. ఆ ఇంటి వెనక పశువు లేని చిన్న జాగా. అదే వేళకు తను ఇక్కడ బర్రె పక్కన కూర్చుని ఉండేది. ఆ నెలల్లో ఏదో ఒక సాయంత్రం, తను పిండుతూ ఏం ఆలోచించి ఉంటుంది. గడ్డి గురించేనేమో. తవుడు గురించేనేమో.

అన్న చెప్పిన అబద్ధం కూడా ఊరికే పోలేదు. మూడేళ్లకు నిజమైంది. అతను అక్కడే ఉండిపోయాడు, ఇంకొకామెను చేసుకున్నాడు. ఆమె ఎలా ఉండేదో, అతనికి రొట్టెలు ఎలా చేసిపెట్టేదో. చనిపోయిన ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఆమె తన బదులు అక్కడికి పోయి చచ్చిపోయిందన్నట్టు అనిపించింది.

*

సాయిలు మూసీ పక్క నుంచి గడ్డి మోపు తెచ్చి, కాళ్లు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, మెడ మీద మోపు మోసిన కాయ. పిల్లలు బయట గల్లీలో ఉన్నారు. జొన్నరొట్టె విరిచి పచ్చిపులుసులో ముంచాడు. ఆండాలు వచ్చి జాబును కంచం పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

అతను చెయ్యి ఆపాడు.

"ఎవలతోని చదివించినవ్?"

ఇదేం జాబు అని అడగలేదు. ఉస్తానీమా చదువుతున్నప్పుడు కూడా ఎక్కడో ఒక మూల ఆండాలుకు ఆశ ఉంది, అన్నకూ ఎవరో తప్పు చదివి చెప్పి ఉంటారని. ఆ ఆశ ఇప్పుడు పోయింది.

"ఉస్తానీమా చదివింది."

"అంతానా?"

"అంతా. స్టేషన్ గూడ. బర్రెను కట్టేసే జాగ గూడ."

పొయ్యి దగ్గర శారదమ్మ వెనక్కి తిరిగి, ఏం జాగ, ఏం జాబు అంది. సాయిలు చేతిలోని రొట్టెముక్కను కంచం అంచున పెట్టాడు.

"అమ్మ పోయి యాడాది గాలే అప్పటికి. శారదకు నెలలు నిండినయి. నాలుగు బర్రెలు, ఒక్కటి ఎవల్ని రానియ్యది. మక్కామస్జిద్ కాడ ఒకాయనతోని చదివించిన. ఆయన తప్పు చదివిండేమోనని చౌక్‌కు పోయి ఇంకొకాయనతోని చదివించిన. ఒక్కడన్న తప్పు చదివితే బాగుండు అనుకున్న. ఇద్దరు ఒక్కటే చదివిన్రు."

"నాకు వేరే చెప్పినవ్."

"అవు."

"మరి కాల్చెయ్యకపోయినవ్? నా చేతుల ఎందుకు పెట్టినవ్?"

సాయిలు తల ఎత్తాడు. ఆ ముఖంలో ఆమె అనుకున్న భయం లేదు. ఎప్పటి నుంచో ఈ ప్రశ్న కోసమే కూర్చున్న మనిషిలా ఉన్నాడు.

"కాల్చబుద్ధి గాలే. నీ చేతుల పెడితే పాపం సగం దిగుతదనుకున్న. రోజు అరవై ఇండ్ల ముంగట నిలబడుతవు. ఒక్కరన్న చదివి చెప్పరా. ఇయ్యాల వచ్చి తిడుతది, రేపు వచ్చి తిడుతది అని చూసిన. నీ బిందె చప్పుడైతె గుండె దడదడ కొట్టుకునేది. యాడాది గట్లనే చూసిన. నువ్వు అడగలే చెల్లె. ఇగ నీకు గూడ పోబుద్ధి లేదేమో అనుకున్న. గట్ల అనుకొని బతికిన."

ఉస్తానీమా గుమ్మం నుంచి ఇంటిదాకా ఆండాలు తన కోపాన్ని పాలబిందె మోసినట్టు తొణకకుండా మోసుకొచ్చింది. అన్న మీద కుమ్మరించాలనే. అది ఇప్పుడు ఎక్కడ పోయాలో తెలియలేదు. పుల్ల రెండో కొస నువ్వే పట్టుకున్నావని అంది. పట్టుకున్నానని అతను ఒప్పుకున్నాడు. విరిగిన తర్వాత తన చేతిలో మిగిలిన ముక్కను పారేయలేక జేబులో వేసుకొచ్చానని, అది ఎక్కడో పోయిందని కూడా చెప్పాడు.

రామ్‌చందర్ ఈ మాపటికి వస్తున్నాడని ఆమె చెప్పింది.

సాయిలు కంచం పక్కకు జరిపాడు. "పోతవా?" అన్నాడు చివరికి. వద్దనుకుంటూనే, ఆపుకోలేక, "మరి బర్రెలు?" అన్నాడు.

"బర్రెలకేమైతది?" శారదమ్మ మాట పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. అంత గట్టిగా ఆమె ఆ ఇంట్లో మాట్లాడి ఎన్నాళ్లయిందో. "ఆమె చీర ఇస్తే నేను పిండుత. మాఘంలనే అడిగిన."

"అప్పుడు ఉతికిన్నని చెప్పిన గద" అంది ఆండాలు. తన గొంతు తనకే సన్నగా వినిపించింది.

"ఉతికినవ్. సబ్బు పెట్టి ఉతికినవ్. ఒళ్లు నిప్పుల్లెక్క కాలుతుంటె, గోడలు పట్టుకుంట బావికాడికి పోయి, ఉన్న సబ్బంతా రాసి ఉతికినవ్. నేను పెరట్ల నుంచి చూసిన."

ఆ తెల్లవారి నీళ్ల చల్లదనం, చేతుల్లో సబ్బు నురగ, ఒంట్లో వణుకు, అన్నీ ఒక్కసారిగా ఆండాలుకు తిరిగి వచ్చాయి. వదినె చీర అడిగిన గంటకే లేచి పోయింది. ఎందుకు పోతోందో తనకు తెలుసు. తెలిసే, మాసిపోయింది కదా అని తనకు తాను చెప్పుకుంది. ఆ మూడు రోజులూ జ్వరంలో పడుకుని, పాలు ఎగబట్టిన బర్రెల అరుపులు వింటూ, అవి తన కోసమే అరుస్తున్నాయని లోపల్లోపల ఎంత తృప్తిపడిందో. అన్న జాబు ఒక్కటే దాచాడు. తలుపు లోపలి గడియ వేసుకున్నది తనే.

"చూసి ఎందుకు ఊకున్నవ్ వదినె?"

శారదమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, బూడిద కప్పింది.

"ఏమని అడగాలె? మొగుడు లేకపాయె, పిల్లలు లేకపాయె. నీకున్నది గదొక్కటే. అది గూడ నేను గుంజుకుంటె నీకేం మిగులుతదని ఊకున్న. నా చేతులు నాలుగు దినాలు వాచినయ్, మానినయ్. అంతే గద."

అప్పుడు వచ్చింది ఏడుపు. జాబు విన్నప్పుడు రానిది, అన్న ఒప్పుకున్నప్పుడు రానిది, ఆ వాచిన మణికట్ల మాట దగ్గర వచ్చింది. ఆండాలు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. సాయిలు లేచి, ఏం చేయాలో తెలియక, ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే చేసినట్టు తల మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని తోసెయ్యలేదు. క్షమించానని కూడా చెప్పలేదు. అంత పెద్ద మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

*

పొద్దు వాలే వేళ అసర్ అజాన్ వినిపించిన కొద్దిసేపటికి వాకిట్లో సైకిల్ ఆగిన చప్పుడైంది. సాయిలు బయటికి పోయాడు. లోపలి నుంచి ఆండాలు చెవులు రిక్కించింది. అన్న గొంతు వినిపించింది.

"రా బావ, కూసో. నీ జాబు గురించి నేను చెప్పాల్సింది ఉన్నది. అది ఇన్నంక కొడ్తవో, తిడ్తవో నీ ఇష్టం."

తర్వాతి మాటలు వినపడలేదు. అన్న చెబుతున్నట్టున్నాడు. రామ్‌చందర్ గొంతు మధ్యలో ఒక్కసారే వచ్చింది. శివరాత్రి దాటినంక గూడ వారం దినాలు బండి వేళకు స్టేషన్ కాడికి పోయిన బావ, అంటున్నాడు. అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారని, ఎవరూ లేచి పోలేదని మాత్రం నీడలను బట్టి తెలుస్తోంది.

అతని దగ్గరికి పోతే ఏముంటుందో ఆండాలుకు తెలియదు. తొమ్మిదేళ్ల కిందటి అర్ర అక్కడ ఉండదు. పిండిలో పేరు రాసినవాడూ ఉండడు. కణతలు నెరిసిన మనిషి ఉంటాడు, చనిపోయిన ఒకామె జ్ఞాపకం ఉంటుంది. తను కూడా పాత ఆండాలు కాదు. అయినా ఆ మనిషితో కూర్చుని, అందింది అన్న మాటకు అసలు అర్థం ఏమిటో చెప్పాలి. ఆ ఒక్కటి మాత్రం ఆమెకు స్పష్టంగా తెలిసింది.

కొట్టంలో గౌరి అరిచింది. పాలవేళ అయింది. దాని వెంట తక్కిన మూడూ అందుకున్నాయి. శారదమ్మ అప్పటికే దుడ్డెను వదిలి, కట్టేసి, చెంబు పట్టుకుని గుంజ దగ్గర నిలబడి ఉంది. చెంబును మరదలికి చాపలేదు. అడగనూ లేదు. ఊరికే నిలబడింది.

ఆండాలు మేకు మీది నీలం చీర తీసింది. అలవాటుగా చేతులు దాన్ని తన నడుము దగ్గరికే తెచ్చాయి. అక్కడ ఆగిపోయాయి. ముక్కుకు దగ్గరగా పట్టుకుని వాసన చూసింది. పాలు, పేడ, తవుడు, చెమట. ఈ వాసనే తనేమో. చీర మడత విప్పి వదినె నడుముకు చుట్టింది. భుజాల మీదుగా కప్పింది. కొంగు బర్రె వైపు ఉండేలా సర్దింది, చిన్నప్పుడు అమ్మ సర్దుకుంటుంటే తను చూసినట్టే.

శారదమ్మ కూర్చుని నుదురు గౌరి డొక్కకు ఆనించింది. గౌరి మెడ తిప్పి కొంగును వాసన చూసింది. తర్వాత తల ఎత్తి, పక్కన నిలబడ్డ ఆండాలు వైపు చూసింది. పాలు వదలలేదు.

"నువ్వు కండ్ల ముంగట ఉంటే చేపది" అంది శారదమ్మ, తల ఎత్తకుండానే. "బయటికి పో."

ఆండాలు కొట్టం దాటి, ఇల్లు దాటి, గడప అవతల, అరుగు వైపు కాలు పెట్టింది.